ఎనిమిది పేటల తాడు

కొత్తవాడలో ఎవరికి తాడు కావాలన్నా చిలుకమ్మ ఇంటికే వచ్చేవాళ్లు. బావికి చేదతాడు, దూడకు పలుపు, పసిపిల్ల ఉయ్యాలకు తాడు, ఏదైనా ఆమె చేత్తో పేనాల్సిందే. ఆమె పెనిమిటి పోశయ్య మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. ఆ నేతకు నూలు పేనడం, రంగులో ముంచడం, ఆరబెట్టడం చిలుకమ్మ పని. ఆమె పేనిన తాడు తెగిందన్న మాట ఆ వాడలో ఎవరి నోటా రాలేదు. ఎవరైనా నోరుజారి అన్నా రెండోసారి అనేవాళ్లు కారు. చిలుకమ్మ నోటి ముందు నిలబడటం అంత తేలికా?

ఎదురింటి కట్టమ్మ ఒక్కతే ఎకసెక్కమాడేది. "నీ తాడుకు ఏనుగును గట్టొచ్చు గని వదినే, మా మేకపిల్లకు గడితే దాని మెడ లేస్తలేదు."

"మెడ లేవకుంటే పక్కోళ్ల గోడలు దుంకది. నీ మేకకు అదే మంచిది, నీకు గూడ," అనేది చిలుకమ్మ.

ఆమె అంత లావుగా పేనడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం పేరు యాకయ్య. ఆమె తమ్ముడు.

యాకయ్య పుట్టిన నెల తిరక్కముందే వాళ్ల అమ్మ కన్నుమూసింది. తండ్రి అంతకు ముందే పోయాడు. చిలుకమ్మకు అప్పటికి పెళ్లయింది, కాపురానికి పంపడమే మిగిలింది. అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజు ఆమె కుడికాలు ముందు పెట్టిందో ఎడమకాలు పెట్టిందో ఎవరూ చూడలేదు. అందరి చూపూ ఆమె చంకలోని పసివాడి మీదే. "కోడలు వస్తదనుకుంటే కొడుకుతోని వచ్చింది," అని అత్త నోరు నొక్కుకుంది. పోశయ్య మాత్రం పిల్లవాడిని చేతుల్లోకి తీసుకుని, "బావమరిది వచ్చిండు, కూసునెతందుకు పీట ఏయుండ్లి," అన్నాడట. ఆ ఒక్క మాటకు చిలుకమ్మ జీవితమంతా అతన్ని ఎన్ని తిట్టినా లోపల మాత్రం కళ్లకద్దుకునే ఉంది.

పిల్లవాడు పాకడం మొదలుపెట్టాక కష్టం వచ్చింది. మగ్గం కింద కాళ్లాడించే గుంట ఒకవైపు, రంగు మరిగే పెద్ద గంజు ఒకవైపు. పని మానితే పూట గడవదు. అందుకని నేతగాళ్ల ఇళ్లల్లో అందరూ చేసే పనే చిలుకమ్మా చేసింది. వాడి నడుముకు ఒక దారం కట్టి రెండో కొస మగ్గం గుంజకు ముడివేసింది. వాడు ఎంతదూరం పాకినా దారం ఆపుతుంది. ఆమె పని ఆమె చేసుకుంటుంది.

ఒకనాడు ఆ దారం తెగింది. మిగిలిన నూలుతో తొందరలో పేనిన సన్నటి దారం అది. అలికిడికి ఆమె తల తిప్పేలోపే వాడు గంజు దగ్గరకు చేరాడు. రెక్క పట్టి లాగింది గాని ఎడమ పాదం మీద మరుగుతున్న రంగు ఒలికింది. దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తింది. పాదం బతికింది, మచ్చ మిగిలింది. ఆ రోజు నుంచి చిలుకమ్మ చేతిలో సన్నటి దారం పుట్టలేదు. మళ్లీ వాడి నడుముకు కట్టినది ఎడ్లబండికి కట్టేంత మోకు. వాడు పాకుతుంటే వెనక అది పాములా ఈడ్చుకుంటూ వచ్చేది, వాడవాళ్లు చూసి నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

యాకయ్య పెరిగాడు. మగ్గం గుంటలో కూర్చుంటే వాడికి ఊపిరాడేది కాదు. గరిటె పట్టుకుంటే మాత్రం చేయి తిరిగేది. హన్మకొండ దిక్కు ఒక కాలేజీ హాస్టల్లో వంటవాడుగా కుదిరాడు. పెళ్లి చేసుకోరా అంటే, "నా వంట తిన్న పిల్ల మళ్ల పుట్టింటికి పోదక్కా, నీకే ఇల్లు ఇరుకైతది," అని తప్పించుకునేవాడు. ఆదివారం వచ్చి అక్క వండిన పప్పుచారులో ఉప్పు తక్కువని వంక పెట్టి, గిన్నె నాకినట్టు తిని పోయేవాడు.

అరవై నాలుగులో దసరా దాటిన తర్వాత ఆ కాలేజీ సారు ఒకాయన చిలుకమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పిల్లలను కొండలెక్కించే క్లబ్బు ఒకటి ఆయన చూసుకునేవాడు. చేతిలో ఒక దారం ముక్క ఉంది.

"ఇంత సన్నగా, తేలికగా, ఎర్రటి రంగులో ఎనిమిది కావాలమ్మా. ఒక్కోటి ఈ వాకిలి నుంచి ఆ వీధి చివరిదాకా రావాలి."

చిలుకమ్మ ఆ ముక్కను వేలికి చుట్టుకుని చూసింది. "ఇదేం దారం సారు? గాలిపటానికా?"

"మనాలి అని హిమాలయాల్లో ఉందమ్మా. మా పిల్లలు చలికాలంలో అక్కడ మంచులో నడవడానికి పోతున్నారు. సరదాగానే గాని అక్కడ ఒక ప్రమాదం ఉంది. ఒక్కోసారి కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారి మనిషిని కప్పేస్తుంది. అందుకని ఈ దారం నడుముకు కట్టుకుని, తోకలాగా వెనక వదిలి నడుస్తారు. మనిషి మునిగినా తేలికైన దారం పైన తేలుతుంది. ఎర్రగా కనబడితే దాని వెంట తవ్వి తీస్తారు."

"తవ్వుడెందుకు? తాడు పట్టి గుంజితే రాడా?"

"రాడమ్మా. జారేటప్పుడు దూదిలాగే ఉంటుంది, ఆగిందంటే రాయిలాగా బిగుసుకుంటుంది. దారం పని చూపించడమే, లాగడం కాదు."

"మనిషిని గుంజని తాడు ఉంటే ఎంత, లేకుంటే ఎంత సారు!" అన్నది చిలుకమ్మ. చదువుకున్నవాళ్లు అన్నీ తిప్పి చెబుతారని ఆమె నమ్మకం. ఆమె చూసిన మంచు అంటే సోడా దుకాణంలో పొట్టులో దాచిన బరఫ్ గడ్డే. దూదిలా జారి రాయిలా అయ్యే వస్తువు ఒకటి ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? అయినా బేరం బేరమే. గొణుక్కుంటూనే ఎనిమిది సన్న దారాలు పేనింది. ఇన్నేళ్ల తర్వాత సన్నగా పేనుతుంటే వేళ్లు మాట వినలేదు.

తర్వాతి ఆదివారం యాకయ్య వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నేను గూడ పోతాన. వంటకు నన్నే తీస్కపోతాండ్లు."

"వంటోనికి కొండలెందుకురా? అన్నం ఈడ ఉడుకుతలేదా?"

"పొయ్యి కాడనే ఉంట తియ్యే. ఆళ్లు నడిచి వస్తరు, నేను చాయ్ పెడుత. గని ఒక్కపారన్న దాని మీద కాలు పెట్టద్దా? పుట్టినప్పటిసంది ఈ కాలు రంగుల పెట్టిన, బురదల పెట్టిన. జర బరఫ్ ల గూడ పెట్టనియ్యి." అని మచ్చ ఉన్న పాదం చాపి చూపించాడు.

కట్టమ్మ గడపలోనుంచి అందుకుంది. "ఫ్లాస్కుల ఇంత పట్టుకరా యాకన్నా, ఎండకాలం నెత్తిన పెట్టుకుంట."

"నీ నెత్తికి ఫ్లాస్కు చాలదు వదినే, గూడ్స్ బండి కావాలె."

నవ్వులయ్యాక యాకయ్య మెల్లగా అన్నాడు. "అక్కా, వంటోనికి దారం లెక్కల లేదట. నాకు గూడ ఒకటి పేనవా?"

ఆ మాట ఆమె లోపల ఎక్కడో తగిలింది. ఆ వారమంతా మిగతా పనులన్నీ పక్కన పెట్టింది. మంచి నూలు ఏరి, మూడుసార్లు రంగులో ముంచి, ఎనిమిది పేటలు కలిపి పురి ఎక్కించింది. గుంజకు కట్టి, ఒంటి బరువంతా వేసి లాగి చూసింది. గుంజ కదిలింది గాని తాడు కదల్లేదు.

పోశయ్య మగ్గం మీదనుంచి చూసి అన్నాడు. "సారు సన్నగ పేనుమన్నడు గదనే."

"ఆయన పిల్లలకు ఆయన చెప్పినట్టు పేనిన. నా పిలగానికి నేను అనుకున్నట్టు పేనుకుంట. సన్నదారం ఏం చేస్తదో నాకు ఎరుకలేదా?"

పోశయ్య మళ్లీ మగ్గం ఆడించసాగాడు. ఆ గంజు సంగతి అతనికీ గుర్తుంది.

కాజీపేట స్టేషన్లో గ్రాండ్ ట్రంక్ రైలు ఆగినప్పుడు తమ్ముడి నడుముకు ఆ తాడు ఆమే చుట్టింది. చుట్టలు చుట్టలుగా అది వాడి పొట్ట చుట్టూ లేచి నిలబడింది. పిల్లలు చూసి, "యాకన్నా, నడుముకు జంపఖానా చుట్టినవేందే?" అని నవ్వారు.

"బరువున్నదక్కా," అన్నాడు యాకయ్య.

"బరువుంటేనే పట్టు. విప్పినవంటే చూడు, ఊర్లకు రానియ్య."

బండి కదిలింది. వాడు తలుపు దగ్గర నిలబడి తాడు కొస ఊపుతూ పోయాడు.

సంక్రాంతి పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీకి టెలిగ్రాం వచ్చింది. అందులోని మాట వాడకు చేరేసరికి పొయ్యిలు వెలిగించే వేళయింది. మంచు జారిపడింది, ఇద్దరు చిక్కుకున్నారు, విద్యార్థి ఒకడు బతికాడు, వంటవాడు పోయాడు. దారులు మూసుకుపోయి శవాన్ని దింపే వీలు లేక అక్కడే ఏటి ఒడ్డున దహనం చేశారు. సారు, పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ఒక చిన్న అస్థికల కుండ తెచ్చారు, మూతికి గుడ్డ కట్టి. దానితో పాటు ఎర్రటి తాడు చుట్ట.

చిలుకమ్మ కుండను పోశయ్య చేతికిచ్చింది. తాడును తాను తీసుకుంది. వాకిట్లో కూర్చుని, ఒక కొస నుంచి రెండో కొస దాకా, జానెడు జానెడు వేళ్ల మధ్య జరుపుతూ చూసింది. ఎక్కడా పేట లేవలేదు. పురి వదల్లేదు. రంగు కూడా దిగలేదు.

"తెగలె," అన్నది. చుట్టూ ఏడుస్తున్నవాళ్లు ఆగి ఆమె వైపు చూశారు. "తాడు తెగలె గద. మరి పిలగాడు ఎట్ల పోయిండు?"

సారు ముందు తాడు పట్టుకుని నిలబడింది. "నాకు ఎవల మీద కోపం లేదు సారు. తాడు మంచిగనే ఉన్నది. మీరు గుంజలేదా?" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "చాలా వెతికామమ్మా," అని మాత్రం అన్నాడు. దినాలకు వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగింది. "దేవుడు గుంజినంక తాడేం చేస్తది వదినే," అన్నది కట్టమ్మ. ఆ మాట చిలుకమ్మకు ఆనలేదు. ఏ సంగతైనా మొదలు నుంచి తెలిస్తే గాని నిద్రపట్టని మనిషి ఆమె. పక్కింట్లో కూర మాడితే ఏ పుల్లలు పెట్టారో అడిగి వచ్చే రకం. కన్నబిడ్డలాంటి తమ్ముడు పోతే ఎట్లా పోయాడో తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఎండలు ముదిరాక రాజేశ్వర్ వచ్చాడు. హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం వాళ్ల పిల్లవాడు. మంచులో మునిగి బతికింది ఇతడే. వాళ్లమ్మ చీర, రవిక, పసుపు, కుంకుమ పెట్టి పంపింది. నా కొడుకును బతికించిన దారం పేనిన చేతులకు మొక్కి రమ్మన్నదట. పిల్లవాడు గడప దగ్గర నిలబడి లోపలికి రావడానికి జంకాడు.

"రా బిడ్డా. అన్నం తిన్నవా?"

అన్నం పెట్టింది. తింటుండగా ఎదురుగా కూర్చుంది. ఇక మొదలుపెట్టింది. ఆ రోజు ఎండనా, మబ్బా? పొద్దున ఏం తిన్నారు? వాడు ఏ చొక్కా వేసుకున్నాడు? దగ్గు ఉండెనా? పిల్లవాడు ముద్ద ముద్దకూ ఆగుతూ చెప్పాడు. అంతకు ముందు రెండు రోజులు విడవకుండా మంచు కురిసింది. మూడోరోజు ఎండ వచ్చింది, ఆకాశం కడిగినట్టుంది. అక్కడి గైడు పెద్ద వాలు మీదికి పోవద్దన్నాడు. చెట్ల అంచున నడిచి, ఒక చిన్న లోయ మాత్రం ఒక్కొక్కరు దాటాలన్నాడు. ఆఖరిరోజు గదా అని యాకయ్య కూడా చాయ్ కెటిల్ పట్టుకుని వచ్చాడు.

"కాలు పెట్టిండా దాని మీద?"

"పెట్టిండక్కా. చెప్పులు విప్పి ఉత్త కాలు పెట్టిండు. చురుకు తగిలి ఎగిరి దుంకిండు. 'మా అక్క రంగు గంజు కన్న గరంగున్నది' అన్నడు. అందరం నవ్వినం."

చిలుకమ్మ పెదవులు కదిలాయి. "ఊఁ. తర్వాత?"

"నేను దాటుతాన. యాకన్న ఒడ్డు మీద ఉన్నడు, ఆడ ఏం కాదనుకున్నరు అందరు. పైన ఎక్కడనో పెద్ద తలుపు మూసినట్టు చప్పుడయింది. చూస్తె మంచు మీద గీత పడ్డది, ఈ ఒడ్డు కాన్నుంచి ఆ ఒడ్డుదాక. యాకన్న నిలబడ్డ మంచు గూడ జారింది. నేను ఈత కొట్టినట్టు చేతులాడిచ్చిన. ఆగేముందర చేతులు మొఖం కడ్డం పెట్టుకున్న, సారు అట్లనే చెప్పిండు. ఆగినంక వేలు గూడ కదలలె అక్కా. సిమెంట్ పోసినట్టు. పైకి ఏ దిక్కో తెల్వలె. పైన మనోళ్లు పిలుస్తాంటే నాకు ఇనపడ్డది, నేను ఒర్రితే ఆళ్లకు ఇనపడలె. ఇగ అయిపోయిందనుకున్న. అంతల నడుము కాడ ఎవలో మెల్లగ గుంజినట్టయింది."

"దారం."

"అవునక్కా. మంచు మీద ఎర్రగ కనబడ్డదట. దాని ఎంట తవ్వుకుంట వచ్చిండ్లు, పళ్లాలతోని, చేతులతోని."

"మరి వానిది?"

పిల్లవాడు చేయి కంచంలోనే ఉంచి తల దించుకున్నాడు.

"చెప్పు బిడ్డా. నాకు ఎవలు చెప్తలేరు. నువ్వన్న చెప్పు."

"ఎంత చూసినా ఎర్రగ ఎక్కడ కనబడలె. అంత తెల్లగనే ఉండె. డేరా గుంజలతోని పొడుసుకుంట వెతికినం. దొరికేసరికి పొద్దుగూకింది. తాడు... తాడు ఆయన కిందనే ఉన్నది అక్కా. మొత్తం. తడిసి."

"పైకి రాలె."

"రాలె."

మగ్గం చప్పుడు ఆగింది. పోశయ్య గుంటలోనే కూర్చుని వింటున్నాడు.

"లావున్నదని ఎవలు చెప్పలేదా?"

"గైడు చూసిండు. ఇది పనికిరాదు, మార్చుకోమని తన సంచిలకెల్లి సన్నదారం తీసి ఇచ్చిండు. యాకన్న తీసుకోలె. 'ఇది మా అక్క పేనింది. విప్పినంటే ఊర్లకు రానియ్యది' అన్నడు." పిల్లవాడు కంచం పక్కకు జరిపి గబగబా అన్నాడు. "సన్నదైనా ఒక్కోపారి పైకి రాదట అక్కా, గైడే చెప్పిండు. అంత నసీబు."

"నీది వచ్చింది గద బిడ్డా," అన్నది చిలుకమ్మ. "రెండు పేనింది ఈ చేతులే."

రాజేశ్వర్ ఆ రోజు నడుముకు కట్టుకున్న దారాన్ని జేబులో పెట్టుకుని తెచ్చాడు, చూపించి మొక్కుదామని. ఆమె దాన్ని అడిగి తీసుకుంది. అతను పోయాక లోపల్నుంచి ఏకిన దూది మూట తెచ్చి ఒక పాత జంపఖానా మీద కుమ్మరించింది. మధ్యలో సన్నదారం ఒకవైపు, లావుతాడు ఒకవైపు పెట్టి, పైన మళ్లీ దూది పోసింది.

"ఆ కొసలు పట్టు," అన్నది పోశయ్యతో.

"ఎందుకే ఇప్పుడు?"

"పట్టుమన్న గద!"

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని జంపఖానాను ఊపారు. దూది అలలా లేచింది, పడింది, మళ్లీ లేచింది. ఆపి చూస్తే సన్నదారం దూది మీద ఎర్రటి గీతలా పడుకుని ఉంది. లావుతాడు కనబడలేదు. ఇంకోసారి ఊపింది. ఇంకోసారి. ప్రతిసారీ అంతే. పోశయ్య చేతులు నొప్పి పుట్టి వదిలేశాడు. చిలుకమ్మ దూదిలో మోచేతిదాకా చేయి పెట్టి, అడుగున వెతికి, తాడును బయటకు లాగింది. దాన్ని ఒళ్లో వేసుకుని, తమ్ముడు పోయాడని తెలిసిన రోజు కూడా ఏడవని ఏడుపు ఏడ్చింది. కట్టమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే పోశయ్య చేయి ఊపి పొమ్మన్నాడు.

తర్వాత చాలాకాలం ఆమె ఎవరికీ తాడు పేనలేదు. పగలు నేతపని, పొద్దువాలినాక ఆ తాడు పురి విప్పడం. తాను బిగించిన పురి తనకే లొంగలేదు. గోళ్లు విరిగాయి. తడిపి, మెత్తబరిచి, ఒక్కో పేటా విడదీసింది. "కాలబెట్టరాదే, ఆ పీడ పోతది," అన్నది కట్టమ్మ. "దీని తప్పేమున్నది?" అన్నది చిలుకమ్మ.

మళ్లీ చలికాలం వచ్చింది. కాలేజీ పిల్లలు ఇంకో కొండకు పోతున్నారని, దారాల కోసం సారు కొత్తవాడ రావడానికి మొహం చెల్లక బజారులో వెతుకుతున్నాడని తెలిసింది. చిలుకమ్మ రాజేశ్వర్‌ను పిలిపించింది. ఆ తాడు నుంచి విడదీసిన ఎనిమిది పేటల్లో ఏడింటిని, ఒక్కోటి ఒక్కో దారంగా, ముందు పెట్టింది. ఊదితే ఎగిరేటట్టున్నాయి.

"వంటోనికి గూడ ఒకటి ఇయ్యి," అన్నది. "లెక్కల లేకున్నా."

ఎనిమిదోది ఆమె ఇవ్వలేదు. ఒక కొస మగ్గం గుంజకు, ఎప్పుడో పసివాడిని కట్టిన చోటనే, ముడివేసింది. రెండో కొస వదిలేసింది. తలుపు తీసినప్పుడల్లా గాలికి అది నేల మీదనుంచి కొంచెం లేచేది. చిలుకమ్మ చేతిలో పని ఆపి, అది మళ్లీ నేలకు దిగేదాకా చూస్తూ ఉండేది.